వడ్డనకో వైన్: ఇంటి విందుకు జతలు కుదర్చడం

ఇంట్లో నాలుగైదు వడ్డనల విందు ఇవ్వాలనుకున్నవారు సాధారణంగా ముందు వంటల పట్టీ రాసుకుని, ఒక్కో వంటకు ఎదురుగా ఒక్కో వైన్ పేరు వేసుకుంటూ పోతారు. అలా రాసుకున్న జతలు విడివిడిగా చూస్తే బాగానే ఉంటాయి గాని, వరుసగా వడ్డించేసరికి ముందు తాగిన వైన్ తరువాతి వైన్‌ను చప్పబరుస్తుంది, లేదా పళ్ళెంలో పడిన ఒక్క చెంచా తీపి సాస్ మంచి సీసాను పుల్లనీళ్ళుగా మారుస్తుంది. అందువల్ల వైన్‌ను ఎంచుకునేటప్పుడు చూడవలసినవి రెండు విషయాలు. ఆ పళ్ళెంలో పులుపు, ఉప్పు, తీపి, కొవ్వు ఎంతెంత ఉన్నాయన్నది మొదటిది. ఆ గ్లాసుకు ముందు ఏ గ్లాసు వచ్చింది, తరువాత ఏది రాబోతోంది అన్నది రెండోది. వండినది చేపా, కోడి మాంసమా, గొర్రె మాంసమా అన్న ప్రశ్న ఈ రెండింటి తరువాతే వస్తుంది.

ముందుగా నాలుకకు తెలియాలి

విందుకు వారం రోజుల ముందు, ఒక సాయంత్రం అరగంట కేటాయించి ఈ చిన్న పరీక్ష చేసి చూడమని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే జతల గురించి ఎన్ని పేజీలు చదివినా ఇది నేర్పినంత స్పష్టంగా మరేదీ నేర్పదు. రెండు గ్లాసులు తీసుకుని ఒకదానిలో పులుపు బాగా ఉన్న సొవిన్యాన్ బ్లాన్క్ వంటి వైట్ వైన్‌ను, రెండోదానిలో వయసు రాని కాబర్నే సొవిన్యాన్ వంటి వగరు రెడ్ వైన్‌ను పోసుకోవాలి. ఒక పళ్ళెంలో నిమ్మకాయ ముక్క, కొంచెం ఉప్పు, చెంచాడు పంచదార, ఉప్పు వేయకుండా ఉడికించిన పుట్టగొడుగులు రెండు, ఒక ముక్క గట్టి చీజ్ పెట్టుకోవాలి.

మొదట రెండు వైన్లనూ వట్టిగా రుచి చూడాలి. తరువాత నిమ్మకాయను నాలుకకు రాసుకుని వైట్ వైన్ తాగితే, ఒక్క నిమిషం క్రితం పళ్ళు పులిసేలా అనిపించిన ఆ వైనే మెత్తబడి, పండ్ల రుచితో, కొద్దిగా తియ్యగా కూడా తోస్తుంది. నాలుగు ఉప్పు పలుకులు నాలుక మీద వేసుకుని రెడ్ వైన్ తాగితే, నోరు పట్టేసినట్టుండే వగరు సగానికి తగ్గినట్టు తెలుస్తుంది. చీజ్ ముక్క నమిలి అదే వైన్ తాగినా అంతే. ఇప్పుడు పంచదార నాలుక మీద వేసుకుని ఏ వైన్ తాగినా పండ్ల రుచి మాయమై పులుపు, చేదు మాత్రమే మిగులుతాయి. పుట్టగొడుగు నమిలి రెడ్ వైన్ తాగితే వగరు మరీ కటువుగా మారుతుంది, కాని అదే పుట్టగొడుగు మీద ఉప్పు చల్లి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండి మళ్ళీ ప్రయత్నిస్తే వైన్ తిరిగి తన దారిలో పడుతుంది.

విందుకు కావలసిన సూత్రాలన్నీ ఈ పళ్ళెంలోనే ఉన్నాయి. పుల్లని వంటకు దానికంటే తక్కువ పులుపున్న వైన్ పెడితే వైన్ చప్పగా అనిపిస్తుంది. తీపి వంటకు దానికంటే తక్కువ తీపి ఉన్న వైన్ పెడితే వైన్ పులుస్తుంది. ఉప్పు వైన్‌కు మేలు చేస్తుంది. పుట్టగొడుగుల్లో, పాత చీజ్‌లో, సోయా సాస్‌లో ఉండే, మాంసపు రసాన్ని తలపించే ఉమామి అనే రుచి, తగినంత ఉప్పు తోడు లేకపోతే, వగరును ఎగదోస్తుంది. వగరుకు మూలం టానిన్లు. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, ఓక్ పీపాల నుంచి వచ్చే ఈ పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని నోటిని ఎండగడతాయి. ఎక్కువసేపు మరిగిన నల్ల టీ తాగినప్పుడు కలిగేది కూడా ఇదే అనుభవం. కొవ్వూ ప్రొటీనూ నిండిన మాంసం నోట్లో ఉన్నప్పుడు ఆ పట్టు సడలుతుంది కాబట్టే వగరు రెడ్ వైన్‌కూ కాల్చిన మాంసానికీ అంత పొత్తు కుదురుతుంది. మిరప కారం సంగతి వేరు. ఆల్కహాల్ దాని మంటను పెంచుతుంది కాబట్టి కారంగా ఉన్న వంట పక్కన 14 శాతం ఆల్కహాల్ ఉన్న వగరు రెడ్ వైన్ కంటే, 8 లేక 9 శాతం మాత్రమే ఉండి కొంచెం తీపి కలిగిన జర్మన్ కాబినెట్ రీస్లింగ్ ఎంతో నయం.

ఎన్ని సీసాలు, ఎంతెంత పోయాలి

వడ్డనకో వైన్ ఉండి తీరాలన్న నియమం ఏదీ లేదు. ఐదు వడ్డనలకు మూడు వైన్లు చక్కగా సరిపోతాయి. మొదటిసారి చేసేవారికి నేను సూచించేది కూడా మూడే: మొదట షాంపేన్ వంటి నురుగు వైన్, మధ్యలో ఒక రెడ్ వైనో చిక్కటి వైట్ వైనో, చివర తీపి వైన్. అలవాటైన తరువాత ఐదుకు వెళ్ళవచ్చు గాని, ఐదు దాటితే నాలుక అలసిపోయి చివరి సీసాల రుచి ఎవరికీ గుర్తుండదు.

మామూలు సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటాయి. ఒక్కొక్కరికి 150 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే ఐదు గ్లాసులే వస్తాయి. ఒకే వైన్‌తో భోజనం ముగించేటప్పుడు అది తగిన కొలత గాని, ఐదు వైన్లు ఉన్న రాత్రి అదే కొలత పాటిస్తే ఒక్కొక్కరు పూర్తి సీసా తాగినట్టవుతుంది. బహుళ వడ్డనల విందులో 75 మిల్లీలీటర్లు సరైన కొలత. ఆరుగురికి పోస్తే 450 మిల్లీలీటర్లు ఖర్చయి, నచ్చినవారికి మరోసారి పోయడానికి 300 మిల్లీలీటర్లు మిగులుతాయి. ఐదు వైన్లూ కలిపి ఒక్కొక్కరికి 375 మిల్లీలీటర్లు, అంటే అర సీసా అవుతుంది. సగటున 13 శాతం ఆల్కహాల్ అనుకుంటే అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ సుమారు 38 గ్రాములు ఉంటుంది. ఇది తక్కువేమీ కాదు. అతిథులు ఇంటికి ఎలా వెళతారన్నది వైన్లు కొనడానికి ముందే మాట్లాడుకోవాలి, వాహనం నడపవలసినవారికి వైన్ పోయనే కూడదు. తీపి వైన్లకు 375 మిల్లీలీటర్ల అర సీసాలు దొరుకుతాయి. తలా 50 మిల్లీలీటర్ల చొప్పున ఆరుగురికి ఒక అర సీసా చాలు.

వరుస ఎలా కూర్చాలి

పలుచని వైన్ నుంచి చిక్కని వైన్‌కు, తీపి లేనిదాని నుంచి తియ్యనిదానికి వెళ్ళాలన్నది పాత నియమం. ఇది వట్టి మర్యాద కోసం పెట్టింది కాదు. పంచదార తిన్న నాలుకకు వైన్ ఎలా పులిసిందో పరీక్షలో చూశాం కదా, తీపి వైన్ తాగిన నాలుకకూ తరువాతి వైన్ అలాగే పులుస్తుంది. చిక్కటి కాబర్నే తాగాక సన్నని పినో న్వార్ ఇస్తే అందులోని సుగంధమేదీ నోటికి అందదు. వగరు నిండిన లేత రెడ్ వైన్ తరువాత ఇరవై ఏళ్ళ నాటి పాత సీసా తెరిస్తే దాని సున్నితమైన రుచి వగరు కింద అణగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి అపురూపంగా దాచుకున్న పాత వైన్ ఉంటే, దాని ముందు వచ్చే వైన్‌ను దానికంటే నెమ్మదైనదిగా ఎంచుకోవాలి. అవసరమైతే ఆ సీసా కోసమే వంటల వరుసను మార్చుకోవాలి.

అందుకే నేను వంటల పట్టీని ఖరారు చేయకముందే వైన్ల వరుస వేసుకుంటాను. వంటను ఒక చెంచా నిమ్మరసంతోనో కాస్త వెన్నతోనో వైన్ వైపు తిప్పుకోవచ్చు, సీసాలో ఉన్నదాన్ని మాత్రం మార్చలేము.

అతిథులు వచ్చినప్పటి నుంచి మొదటి పళ్ళెం దాకా

అతిథులు ఒక్కొక్కరే వస్తున్నప్పుడు చేతికి ఇవ్వడానికి నురుగు వైన్‌ను మించినది లేదు. దాని పులుపు, బుడగలు ఆకలిని లేపుతాయి, ఉప్పు వేసి వేయించిన బాదం, ఆలివ్ కాయలు, చీజ్ బిస్కట్లు వంటి చిరుతిండిలోని కొవ్వునూ ఉప్పునూ శుభ్రంగా కడిగేస్తాయి. ఇక్కడ లేబుల్ మీది మాటలను సరిగ్గా చదవడం అవసరం. షాంపేన్‌లోనూ ఇతర ఐరోపా నురుగు వైన్లలోనూ 'బ్రూట్' అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉన్నదని అర్థం. 'ఎక్స్‌ట్రా డ్రై' అన్న పేరు చూసి అది మరింత తీపి లేనిదని చాలామంది పొరబడతారు, నిజానికి అందులో 12 నుంచి 17 గ్రాముల చక్కెర ఉంటుంది. 'డెమీ సెక్' అంటే 32 నుంచి 50 గ్రాములు. విందు మొదట్లో ఇవ్వవలసినది బ్రూట్ లేదా అంతకంటే తీపి తగ్గిన 'ఎక్స్‌ట్రా బ్రూట్'.

ఈ తేడా నాకు ఒక విందులో బాగా తెలిసివచ్చింది. ఒక పుట్టినరోజుకు మంచి బ్రూట్ షాంపేన్ తెచ్చి, అందరూ కలిసి గ్లాసులెత్తడం కేక్ కోసిన తరువాతే అందంగా ఉంటుందని చివరిదాకా దాచాను. క్రీమ్ పూసిన కేక్ ఒక ముక్క తిని గ్లాసు ఎత్తిన ప్రతి ఒక్కరి ముఖమూ ఒకేలా ముడుచుకుంది. ఎవరూ ఏమీ అనలేదు గాని, విందు ముగిసేసరికి గ్లాసులన్నీ మూడు వంతులు నిండుగానే బల్ల మీద మిగిలాయి. మర్నాడు పొద్దున మిగిలిన సగం సీసాను తీపి ఏదీ తినకుండా రుచి చూస్తే, బుడగలు తగ్గినా వైన్ మాత్రం ఎంతో బాగుంది. అప్పటి నుంచి మా ఇంట్లో బ్రూట్‌తో శుభాకాంక్షలు విందు మొదట్లోనే చెప్పుకుంటున్నాం. చివర్లోనే గ్లాసులెత్తాలని ఉంటే డెమీ సెక్ కొనాలి, లేదా 5 శాతం చుట్టుపక్కల ఆల్కహాల్‌తో తియ్యగా, తేలిగ్గా, చిన్న బుడగలతో ఉండే ఇటలీ మొస్కాతో దాస్తి తెచ్చుకోవాలి.

మొదటి పళ్ళెంలో పచ్చి ఆయిస్టర్లు, నిమ్మరసం పిండిన సముద్రపు గుల్లలు, చల్లని చేప ముక్కలు ఉంటే ఓక్ పీపా వాసన తగలని, పులుపున్న వైట్ వైన్ కావాలి. ఫ్రాన్స్‌లో ల్వార్ నది సముద్రంలో కలిసే చోట పండే మస్కడే, బర్గండీ ఉత్తరపు అంచున షార్డొనే ద్రాక్షతో తయారయ్యే షాబ్లీ ఇందుకు పేరుపొందినవి. షాబ్లీ తోటల మట్టిలో చిన్న చిన్న ఆయిస్టర్ల శిలాజాలు కనిపిస్తాయి గాని, ఈ పొత్తుకు కారణం ఆ శిలాజాలు కావు. ఆ వైన్‌కున్న పులుపు నిమ్మరసం పని తానే చేస్తుంది. అందుకే షాబ్లీ పోస్తున్నప్పుడు పళ్ళెంలో నిమ్మరసం కొంచెం తగ్గించడం మంచిది.

సలాడ్ వడ్డించేటట్టయితే దానిలో కలిపే సాస్‌లో వెనిగర్ తగ్గించి, దాని స్థానంలో నిమ్మరసమో, తాగబోయే వైట్ వైన్‌నే రెండు చెంచాలో వేస్తే వైన్ బతుకుతుంది. మేక పాల చీజ్ వేసిన సలాడ్‌కు సాన్సేర్ ప్రాంతపు సొవిన్యాన్ బ్లాన్క్ తిరుగులేని జత. షావిన్యోల్ అనే ఊరి మేక చీజ్, సాన్సేర్ వైన్ రెండూ ఆ ఒక్క చోటివే. ఆర్టిచోక్ అనే కూరగాయలో ఉండే సినారిన్ అనే పదార్థం తరువాత తాగినదాన్ని, చివరకు మంచినీళ్ళను కూడా, తియ్యగా అనిపించేలా చేస్తుంది కాబట్టి ముఖ్యమైన సీసా తెరిచే విందులో ఆర్టిచోక్ వడ్డించకపోవడమే మేలు. ఆస్పరాగస్ కూడా చిక్కుపెట్టేదే గాని, ఆకుపచ్చని వాసన ఉన్న సొవిన్యాన్ బ్లాన్క్ గాని, ఆస్ట్రియా గ్రూనర్ వెల్ట్‌లినర్ గాని దానితో సర్దుకుపోతాయి.

సూప్ పళ్ళెంలోనూ ద్రవమే, గ్లాసులోనూ ద్రవమే కాబట్టి దానికి వైన్ పెట్టకపోయినా లోటేమీ ఉండదు. పెట్టాలనుకుంటే మాంసపు రసంతో చేసిన పలుచని సూప్ పక్కన, చల్లగా, ఏ మాత్రం తీపి లేని స్పెయిన్ వైన్ ఫీనో షెర్రీ చిన్న గ్లాసుతో ఇవ్వవచ్చు.

చేప, మాంసం

చేపకు రెడ్ వైన్ పనికిరాదన్న మాటలో సగం నిజం ఉంది. 2009లో జపాన్ పరిశోధకులు స్కాలప్ గుల్లలతో రకరకాల వైన్లను రుచి చూపించి, వైన్‌లో ఇనుము ఎక్కువగా ఉన్నకొద్దీ నోట్లో మిగిలే నీచు వాసన పెరుగుతుందని కనుగొన్నారు. వైన్‌కు ఇనుము చేరిస్తే నీచు పెరిగింది, ఆ ఇనుమును వేరే పదార్థంతో బంధిస్తే తగ్గింది. అంటే దోషం ఎరుపు రంగుది కాదు. సాధారణంగా రెడ్ వైన్లలో ఇనుము ఎక్కువే గాని అన్నిటిలోనూ ఒకేలా ఉండదు. దీనికి తోడు నూనె ఉన్న చేప పక్కన టానిన్లు కటువుగా తగులుతాయి. అందువల్ల మెత్తని తెల్ల చేపకు రెడ్ వైన్ జోలికి పోకుండా, పెనం మీద ఎర్రగా కాల్చిన సాల్మన్, ట్యూనా వంటి చేపలకు మాత్రం వగరు తక్కువగా ఉన్న పినో న్వార్‌ను కొంచెం చల్లబరచి ఇస్తే హాయిగా సాగుతుంది.

చేపను చూసి కాక, దాని మీద పోసిన సాస్‌ను చూసి వైన్ ఎంచుకోవడం ఇక్కడ మరీ ముఖ్యం. ఒకే తెల్ల చేప ముక్కను ఆవిరి మీద ఉడికించి నిమ్మరసం, ఆకుకూరలతో ఇస్తే షాబ్లీ చాలు. అదే ముక్కను వెన్న, మీగడ సాస్‌లో ముంచి ఇస్తే ఆ వెన్న బరువు ముందు షాబ్లీ తేలిపోతుంది, అప్పుడు ఓక్ పీపాలో పెరిగిన చిక్కటి షార్డొనే కావాలి. టమాటా, ఆలివ్, వెల్లుల్లితో వండితే తీపి లేని గులాబీ రంగు వైన్ (రోజే) బాగుంటుంది. కోడి మాంసానికీ ఇదే మాట. అది స్వయంగా ఏ పక్షమూ వహించదు, సాస్ ఎటు లాగితే అటు వెళుతుంది.

ముఖ్యమైన మాంసపు వడ్డనకు వచ్చేసరికి రెడ్ వైన్ నిస్సందేహంగా తన చోటు తీసుకుంటుంది, ఏ రెడ్ అన్నదే ఆలోచించవలసినది. గొర్రె మాంసం కాల్చి, వెల్లుల్లి, రోజ్‌మేరీతో ఇస్తే బోర్డో తరహా కాబర్నే వైన్ వగరును ఆ కొవ్వు చక్కగా సర్దుతుంది. లోపల ఎర్రగా, రసం కారేలా కాల్చిన మాంసం వగరును బాగా భరిస్తుంది. పూర్తిగా ఎండిపోయేలా వండిన మాంసం పక్కన మాత్రం అదే వైన్ నోటిని మరింత ఎండగడుతుంది, అప్పుడు మెత్తని మెర్లో నయం. పుట్టగొడుగుల సాస్ వేసిన వంటకు పినో న్వార్ నాకు మొదటి ఎంపిక, లేదా వయసు వచ్చిన బరోలో. ఇటలీ పీడ్‌మాంట్‌లో నెబ్యోలో ద్రాక్షతో చేసే బరోలోను చట్టం ప్రకారం కనీసం 38 నెలలు నిలవ ఉంచాలి, అయినా లేత వయసులో అది ఉమామి పక్కన కటువుగానే ఉంటుంది కాబట్టి పుట్టగొడుగుల మీద ఉప్పు సరిగ్గా పడిందో లేదో వడ్డించే ముందు రుచి చూడాలి. టమాటా సాస్ వంటలకు పులుపు ఉన్న సాంజొవేజే, అంటే క్యాంటీ క్లాసికో వంటిది, బాగా నప్పుతుంది. పండ్లతో, తేనెతో చేసిన తీపి సాస్‌ను మాంసం మీద పోయాలని ఉంటే ఆ ఉత్సాహాన్ని ఈ ఒక్క రాత్రికి ఆపుకోవాలి. వగరు రెడ్ వైన్‌ను పాడుచేయడంలో దానిని మించినది లేదు.

చీజ్, తీపి

చీజ్‌ను తీపి వంటకు ముందు వడ్డించే ఫ్రెంచ్ పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది, మాంసంతో పోసిన రెడ్ వైన్ మిగిలి ఉంటే దానిని గట్టి చీజ్‌తో పూర్తి చేయవచ్చు. అయితే చీజ్ పళ్ళెం మొత్తానికి రెడ్ వైనే సరైనదన్న నమ్మకాన్ని నేను ఒప్పుకోను. మెత్తని, మీగడ వంటి చీజ్ నోరంతా పూత పూస్తుంది, ఆ పూత మీద వగరు రెడ్ వైన్ చేదుగా, ఇనుము నాకినట్టుగా తగులుతుంది. నాలుగైదు రకాల చీజ్ పెట్టి ఒక్క వైన్ పోయాలంటే పులుపున్న వైట్ వైన్ ఎక్కువ రకాలతో పొసగుతుంది. నీలి బూజు చీజ్‌కు మాత్రం తీపి వైన్ ఉండి తీరాలి. రోక్‌ఫోర్‌తో సోటెర్న్, స్టిల్టన్‌తో పోర్ట్ తరాలుగా నిలిచిన జతలు, ఎందుకంటే ఆ చీజ్ ఉప్పదనమూ వైన్ తీపీ ఒకదానినొకటి ఎత్తిపడతాయి. సోటెర్న్‌లో ద్రాక్ష పండ్లకు బొట్రైటిస్ అనే బూజు పట్టి, వాటిలోని నీరు ఆవిరై, తీపీ పులుపూ రెండూ చిక్కబడతాయి. పోర్ట్‌లో ద్రాక్ష రసం పులుస్తుండగానే ద్రాక్ష స్పిరిట్ కలిపి ఆపేస్తారు కాబట్టి తీపి మిగిలి, ఆల్కహాల్ 20 శాతం చుట్టుపక్కల ఉంటుంది. పోర్ట్ గ్లాసు చిన్నదిగా ఉండాలి.

తీపి వంటకు నియమం ఒక్కటే, వైన్ ఆ వంటకంటే తియ్యగా ఉండాలి. నిమ్మ టార్ట్ వంటి పులుపూ తీపీ ఉన్నవాటికి ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసిన రీస్లింగ్ బాగుంటుంది. ఆప్రికాట్, పీచ్, గింజల కేకులకు సోటెర్న్ లేదా హంగరీ తొకాయ్ అసూ. నల్ల చాక్లెట్ ముందు సోటెర్న్ నిలవదు, దానికి రూబీ పోర్ట్ గాని, దక్షిణ ఫ్రాన్స్ బన్యూల్స్ గాని, ఎండుద్రాక్ష పాకంలా నల్లగా ఉండే పెద్రో హిమేనెస్ షెర్రీ గాని కావాలి. ఐస్‌క్రీమ్ చలికి నాలుక మొద్దుబారుతుంది కాబట్టి దానితో వైన్ ఇవ్వడం వృథా. అయితే అదే పెద్రో హిమేనెస్‌ను వెనిలా ఐస్‌క్రీమ్ మీద రెండు చెంచాలు పోస్తే వేరే సాస్ అవసరమే ఉండదు.

చల్లదనం, బిరడా, గ్లాసులు

ఎంత మంచి జతనైనా తప్పు ఉష్ణోగ్రత చెడగొడుతుంది. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రత దగ్గర తాగాలన్న మాట చల్లని ఇళ్ళ కాలం నాటిది. 25 డిగ్రీల సెల్సియస్ ఉన్న గదిలో రెడ్ వైన్‌లోంచి ఆల్కహాల్ ఘాటు తప్ప మరేదీ ముక్కుకు అందదు. చిక్కటి రెడ్ వైన్లకు 16 నుంచి 18 డిగ్రీలు, పినో న్వార్, గామే వంటి తేలిక రెడ్ వైన్లకు 12 నుంచి 14, చిక్కటి షార్డొనేకు 10 నుంచి 13, పులుపున్న పలుచటి వైట్ వైన్లకూ నురుగు వైన్లకూ 7 నుంచి 10 డిగ్రీలు సరిపోతాయి. ఫ్రిజ్ లోపల సుమారు 4 డిగ్రీలు ఉంటుంది కాబట్టి చిక్కటి వైట్ వైన్‌ను పోయడానికి ఇరవై నిమిషాల ముందే బయటికి తీయాలి, రెడ్ వైన్‌ను అరగంట పాటు లోపల పెట్టాలి. అతి చల్లదనం వాసనను చంపి వగరును పెంచుతుంది. తొందరగా చల్లబరచవలసి వస్తే బకెట్‌లో ఐస్ ఒక్కటే వేస్తే సరిపోదు, సగం నీళ్ళు పోసి గుప్పెడు ఉప్పు వేస్తే నీరు సీసాను అన్ని వైపులా తాకి ఇరవై, ముప్పై నిమిషాల్లో పని పూర్తవుతుంది.

సీసాలన్నిటినీ, నురుగు వైన్ తప్ప, అతిథులు రావడానికి గంట ముందే తెరిచి గుక్కెడు రుచి చూడండి. బిరడా దోషం ఉన్న సీసా తడిసిన అట్టపెట్టెలా, ముక్కిన గుడ్డలా వాసన వేస్తుంది. దీనికి ముఖ్య కారణం టీసీఏ అనే రసాయనం, ఇది కంటికి కనబడదు, ఎంతసేపు గాలి తగిలినా పోదు. బల్ల ముందు అందరూ కూర్చున్నాక అది బయటపడితే చేయగలిగేది ఏమీ ఉండదు కాబట్టి ఒక సీసా అదనంగా సిద్ధంగా ఉంచుకోవాలి. సీసా అడుగున గాజు పలుకుల్లా కనిపించే స్ఫటికాలు మాత్రం దోషం కావు, అవి వైన్‌లోని టార్టారిక్ ఆమ్లపు లవణాలు, వాటివల్ల హాని లేదు.

నురుగు వైన్ సీసాలో ఒత్తిడి ఐదారు వాతావరణాల మేర ఉంటుంది. తీగను విప్పిన క్షణం నుంచి బిరడా మీద బొటనవేలు తీయకూడదు, సీసాను మనుషుల వైపు తిప్పకూడదు. సీసాను 45 డిగ్రీలు వంచి, బిరడాను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో సీసా అడుగును నెమ్మదిగా తిప్పితే బిరడా చిన్న నిట్టూర్పుతో ఊడి వస్తుంది. పెద్ద చప్పుడు చేస్తూ ఊడిందంటే వైన్ కొంత నేల మీద, బుడగలు కొన్ని గాలిలో పోయాయన్నమాట.

వగరున్న లేత రెడ్ వైన్‌ను విందుకు గంట, రెండు గంటల ముందు డికాంటర్ అనే వెడల్పాటి గాజు కూజాలోకి పోసి ఉంచితే సుగంధం విచ్చుకుంటుంది. పాత సీసాకు కారణమూ పద్ధతీ వేరు. దానిని ముందు రోజు నుంచే నిటారుగా నిలబెట్టి మడ్డిని అడుగుకు దింపాలి, పోసేటప్పుడు సీసా మెడ వెనుక ఒక దీపం పెట్టుకుని మడ్డి సన్నని దారంలా మెడ దగ్గరికి రాగానే ఆపేయాలి. పాత వైన్‌ను గంటల తరబడి గాలికి వదిలితే ఉన్న కాస్త సుగంధమూ ఎగిరిపోతుంది కాబట్టి ఈ పని వడ్డనకు కొద్ది నిమిషాల ముందే చేయాలి.

గ్లాసులు మనిషికి మూడు ఉంటే చాలు. నురుగు వైన్‌కూ వైట్ వైన్‌కూ ఒకటి, రెడ్ వైన్‌కు పెద్దది ఒకటి, తీపి వైన్‌కు చిన్నది ఒకటి. కడిగిన గ్లాసును బోర్లించి అలమరలో పెట్టినప్పుడు చెక్క వాసన పడుతుంది, అందుకే విందు రోజు వాటిని మళ్ళీ వేడినీళ్ళతో కడిగి, వాసన లేని గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టి చూసుకోవాలి. మూడో వంతుకు మించి పోయకూడదు, పైన మిగిలిన ఖాళీలోనే సుగంధం నిలుస్తుంది. ప్రతి చోటా మంచినీళ్ళ గ్లాసు, మధ్యమధ్య కొరకడానికి రుచి పెద్దగా లేని రొట్టె ఉండాలి.

వైన్ తాగనివారికి తీపి పళ్ళరసం ఇచ్చి ఊరుకోవడం నాకు ఎప్పుడూ అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే ఆ తీపితో వాళ్ళకు వంటల రుచే తెలియకుండా పోతుంది. వైన్‌కు పెట్టుకున్న కొలతలే వారి గ్లాసుకూ పెట్టుకోవాలి. చేపతో నిమ్మకాయ ముక్క వేసిన సోడా లేదా చల్లని గ్రీన్ టీ ఇవ్వవచ్చు, ఎందుకంటే అక్కడ కావలసినది పులుపూ తేలికదనమూ. మాంసంతో తీపి వేయని చల్లని నల్ల టీ ఇస్తే అందులోని వగరు రెడ్ వైన్ చేసే పనినే చేస్తుంది. తీపి పళ్ళరసం చివరి వడ్డనకు రావాలి, అదీ మంచి గ్లాసులోనే, అందరితో పాటే పోయాలి.

మిగిలిన సీసాలకు అదే రాత్రి బిరడా బిగించి, రెడ్ అయినా వైట్ అయినా ఫ్రిజ్‌లో నిలబెడితే రెండు మూడు రోజులు బాగుంటాయి. నురుగు వైన్‌కు ఒత్తిడిని ఆపే ప్రత్యేకమైన మూత కావాలి, అప్పుడు కూడా మర్నాటికి తాగేయడమే మంచిది. రూబీ పోర్ట్ కొన్ని వారాలు నిలుస్తుంది, ఫీనో షెర్రీ మాత్రం అలా కాదు, దానిని వైట్ వైన్‌లాగే చూసుకోవాలి.